అడిగిందానికే జవాబు

వికారాబాద్ కోర్టు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఒక మూలబల్ల ఉంది. ఇరవై రెండేళ్లు ఆ బల్ల దగ్గర హన్మయ్య నడిపింది బడి అనే చెప్పాలి. ఆ బడిలో పిల్లలు సాక్షులు. కుల్కచర్ల నుంచి, నవాబుపేట నుంచి బస్సులు దిగి, బెదురు చూపులతో వచ్చి కూర్చునేవాళ్లు. తలా ఒక చాయ్ ఇప్పించి హన్మయ్య పాఠం మొదలుపెట్టేవాడు.

"అడిగిందానికే జవాబు. ఒక్క మాట ఎక్కువద్దు. తెల్వనిదానికి తెల్వదను. తెలిసినదానికి యాది లేదను. జడ్జి దిక్కు చూడు, మా సారు దిక్కు చూడకు. సమజైందా?"

సమజయ్యేది. హన్మయ్య తయారుచేసిన సాక్షి బోనెక్కితే అవతలి వకీలు తల పట్టుకోవాల్సిందేనని పేరు. శివశంకర్ వకీలు సంపాదించుకున్న పేరులో సగం ఆ బల్లదే. ఆ మాట ఎవరూ పైకి అనలేదనుకోండి.

హన్మయ్యది ధారూర్ పక్క పల్లె. తాతల నాటి నుంచీ గొర్లకాపర్లు. పదో తరగతి తప్పి, అన్న వెంట గొర్లు కాయనని మొండికేసి, ఏవేవో పనులు చేసి, చివరికి శివశంకర్ దగ్గర గుమాస్తాగా కుదిరాడు. శివశంకర్‌ది తాండూరు, కందుల వ్యాపారం చేసే కుటుంబం. వికారాబాద్‌లో ఇల్లు కట్టి ముందు గదిలో ఆఫీసు పెట్టాడు. పొద్దున రైలు దిగి హన్మయ్య వరండా ఎక్కగానే వంటింట్లోంచి ఒక గొంతు వచ్చేది.

"తిన్నవా హన్మయ్యా?"

వకీలు భార్య ఇందిరమ్మ. తిన్నానంటే నమ్మేది కాదు. రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు పళ్లెంలో పెట్టి తెచ్చేది. ఆమె ఇంట్లో ఉండగా ఆ ప్రశ్న తప్పిన రోజు లేదు.

మూడేళ్ల కింద ఒక సోమవారం. తల్లికి జ్వరమని, తాండూరు పోయొస్తానని ఇందిరమ్మ అంది. ఎవరినడిగి పోతావన్నాడు శివశంకర్. ఆఫీసు బల్ల మీద టేకు రూళ్లకర్ర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసి కొట్టాడు. ఆమె అడ్డం పెట్టిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర పుటుక్కుమంది. ఫైళ్ల కట్ట పట్టుకుని హన్మయ్య గడపలోనే ఉన్నాడు. దెబ్బ చూశాడు, ఎముక విరిగిన చప్పుడూ విన్నాడు.

తాండూరులో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు వినీత ఊరుకోలేదు. వచ్చి ఠాణాలో కేసు పెట్టింది. ఇంటివాళ్లు కాని సాక్షి ఒక్క హన్మయ్యే.

"నీకు కూడ నేను చెప్పాల్నా?" అన్నాడు శివశంకర్.

హన్మయ్య బోనెక్కాడు. "అమ్మ బాత్రూంల కాలు జారి పడ్డదని విన్న. నేను చూడలే." ప్రభుత్వ వకీలు గుచ్చి గుచ్చి అడిగాడు. "యాది లేదు సార్." కేసు కొట్టేశారు. సిగ్గుమాలిన సంగతే గాని దాచడమెందుకు, బోను దిగుతుంటే హన్మయ్యకు లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. పాఠం చెప్పేవాడికే పరీక్ష పెడితే నూటికి నూరు వచ్చినట్టు!

కులపెద్దలు కూర్చుని, సర్దిచెప్పి, ఇందిరమ్మను మళ్లీ ఆ ఇంటికే పంపారు. మర్నాడు హన్మయ్య బిక్కుబిక్కుమంటూ వరండా ఎక్కాడు. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో రొట్టె కొట్టడం ఆమె వల్ల కావడం లేదు.

"తిన్నవా హన్మయ్యా?" అంది.

గొంతులో దెప్పు లేదు. అదే ఇంకా అన్యాయం. రొట్టెకు బదులు ఆమె పెట్టిన బువ్వ హన్మయ్య తిన్నాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక పొద్దున వచ్చేసరికి పొయ్యి వెలగలేదు, వంటింట్లో అలికిడి లేదు.

"అమ్మేది సార్?"

"దవాఖానల ఉంది. బాత్రూంల కాలు జారి పడ్డది," అన్నాడు శివశంకర్ ఫైలు తిరగేస్తూ.

హన్మయ్య ఆ మాటను గుర్తుపట్టాడు. ఆ మాట తనది. బోనులో తను అల్లిన మాట, అక్షరం పొల్లుపోలేదు. రూళ్లకర్ర బల్ల మీద ఎప్పటి చోటనే ఉంది, తడిగుడ్డతో తుడిచి పెట్టినట్టు నిగనిగలాడుతోంది. ఇందిరమ్మ ఎడమ కన్ను పోయింది.

కన్ను పోయినందుకు పెట్టిన రెండో కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. శివశంకర్ మాత్రం నల్లకోటు తొడుక్కుని అదే కోర్టుకు దర్జాగా వచ్చిపోతున్నాడు. తాండూరులో కూతురి దగ్గర చేరిన ఇందిరమ్మకు జైలు మీద ఆశ పోయింది. ఆ కోటు ఒక్కటి దిగితే చాలంది. "గా కోటు మీదున్నన్ని దినాలు వానికి కుర్సీ ఏస్తరు, నన్ను నిలబెడ్తరు," అని, వకీళ్ల తప్పొప్పులు విచారించే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపింది. చెయ్యి సంగతీ రాసింది, కన్ను సంగతీ రాసింది.

ఆఫీసుకొచ్చే టపా విప్పేది హన్మయ్యే. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ నోటీసును కూడా తనే విప్పి, రిజిస్టర్లో ఎక్కించి, బల్ల మీద పెట్టాడు. సాక్షుల్లో తన పేరుంది. శివశంకర్ చదివి నవ్వాడు.

"నా ఇంట్ల లొల్లికి నా వకీలు సనదుకు ఏం సంబంధమయ్యా? ఎవని కేసన్న అమ్ముకున్ననా? నువ్వు గప్పుడు చెప్పిందే చెప్పు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేటోనివి కావు నువ్వు."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే భార్య రామమ్మ అంతెత్తున లేచింది.

"గా ఇంట్ల నీకు రొట్టె పెట్టిందెవరు? నీ వకీలా?"

"కొలువు పోతదే. యాభై నాలుగేండ్లోన్ని, ఇంకెవడు పెట్టుకుంటడు?"

"పోతే పోనీ. మీ అన్న గొర్లు యాడికి పోలే. గంత చేసినోని దిక్కు మాట్లాడొస్తే మాత్రం నా చేతి బువ్వ తినకు, చెప్తున్న!"

విచారణ రోజున హైదరాబాద్‌లో, బార్ కౌన్సిల్ గదిలో ముగ్గురు పెద్ద వకీళ్లు కూర్చున్నారు. మధ్యలో ఉన్న తెల్లజుట్టు దేవిక మేడం హన్మయ్యకు కుర్చీ చూపించింది. అతను కూర్చోలేకపోయాడు. తన వకీలు నిలబడి ఉంటే తను కూర్చున్న పాపాన ఏనాడూ పోలేదు. శివశంకర్ తన కేసు తనే వాదించుకుంటున్నాడు. భార్యాభర్తల తగువులో వృత్తి ప్రసక్తి ఎక్కడిదన్నాడు.

"కోటు పొద్దుగూకితే విప్పుతం శివశంకర్ గారు. సనదు విప్పం గద," అంది దేవిక మేడం.

హన్మయ్య ఆ సోమవారం చూసింది చూసినట్టు చెప్పాడు. శివశంకర్ మొహం నల్లబడింది. దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కోర్టుల ప్రమాణం చేసి చూడలేదంటివి. గిప్పుడు ప్రమాణం చేసి చూసిన్నంటున్నవ్. ఏది అబద్ధం?"

ఈ ఒక్క ప్రశ్న కింద ఎందరు సాక్షులు నలిగిపోయారో హన్మయ్యకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. మూలబల్ల దగ్గర దీనికి చెప్పే మందు ఒకటే, 'యాది లేదు'. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"గప్పుడు చెప్పిందే అబద్ధం సార్."

"చాలు," అన్నాడు శివశంకర్, వెనక్కి తిరుగుతూ.

"చాలదు సార్. అడిగిందానికన్న ఒక్క మాట ఎక్కువ చెప్త." హన్మయ్య తన వకీలు దిక్కే చూశాడు. "కాలు జారిన ముచ్చట నేనే అల్లిన. మల్ల మీరు గదే వాడుకున్నరు. నేను గానాడే నిజం చెప్పుంటే మీ చెయ్యి రెండోసారి లేవకపోతుండె. అమ్మ కన్ను పోయిన పాపంల నాకు సగం ఉంది."

"అబద్ధపు సాక్ష్యం ఒప్పుకుంటున్నరు. మీ మీద కేసు కావచ్చు, తెలుసా?" అని అడిగింది దేవిక మేడం.

"ఎరుకే మేడం. మందికి చెప్పేటోన్ని నేనే."

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆర్నెల్లకు శివశంకర్ పేరు వకీళ్ల జాబితాలోంచి కొట్టేశారు. అతను ఢిల్లీలో అప్పీలు వేసుకున్నాడు. హన్మయ్యను మాత్రం వికారాబాద్‌లో ఏ వకీలూ గుమ్మం తొక్కనివ్వలేదు. పదో తరగతి తప్పిననాడు కాయనన్న గొర్లనే ఇప్పుడు అన్న వెంట కాస్తున్నాడు. రామమ్మ పొద్దున్నే సద్ది కట్టి ఇస్తుంది. కొలువు పోయినందుకు అతనికి పెద్ద బాధ లేదు. అతన్ని తినేస్తున్నది వేరే ఉంది.

ఆ రోజు విచారణ ముగిసేసరికి మూడు దాటింది. పొద్దున మొదటి బండికి బయలుదేరినవాడు, అప్పటికి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నడవాలో గోడవార నిలబడ్డాడు. కూతురి చెయ్యి పట్టుకుని ఇందిరమ్మ వస్తోంది. హన్మయ్య రెండు చేతులూ జోడించాడు. తను నిలబడింది ఆమె ఎడమవైపని అతనికి తట్టలేదు. ఆమె చూడకుండానే దాటిపోయింది.

"అమ్మా, హన్మయ్య కాక," అని వినీత ఆపింది.

ఇందిరమ్మ మొహమంతా ఇటు తిప్పి, ఉన్న ఒక్క కంటితో చాలాసేపు చూసింది.

"గీ మాట గానాడే చెప్పుంటే నా కన్ను నాకుంటుండె గద హన్మయ్యా," అంది. తిట్టలేదు, ఏడవలేదు.

జోడించిన చేతులు హన్మయ్య దించలేదు. ఆమె మెల్లగా మెట్లు దిగి, కూతురి సాయంతో ఆటో ఎక్కింది. ఆటో గేటు దాటిందాకా హన్మయ్య అక్కడే నిలబడి ఎదురుచూశాడు.

అతను కోర్టులో అబద్ధం చెప్పాక కూడా తిన్నవా అని అడిగిన మనిషి, ఆ రోజు అడగలేదు.