మా చిన్నాయన గీసిన పార్కు

మొన్న మా బడిలో ఆటల పోటీలకు కోర్టు గీయాలని సున్నం బస్తా కుట్టు విప్పాను. గాలి సరిగ్గా నా వైపే తిరిగింది. తెల్లటి పొడి ముక్కులోకీ కళ్లలోకీ పోయింది. నేను కళ్లు తుడుచుకుంటుంటే పక్కనున్న లెక్కల సారు, "ఎందుకు మేడం గింత తిప్పలు? ఇప్పుడు మంచి మంచి టేపులొచ్చినయ్, పరిస్తే అయిపాయె" అన్నారు. నిజమే, టేపు తెచ్చుకుంటే పని తొందరగా తెములుతుంది, బట్టలూ పాడు కావు. కానీ ఆ సున్నం ఘాటు తగిలితే తప్ప నాకు ఆట మొదలైనట్టు అనిపించదు. ఆ ఘాటు వెంటే మా చిన్నాయన కూడా వస్తాడు. ఎడమకాలు కాస్త ఈడ్చుకుంటూ, చేతిలో అడుగున చిల్లులు కొట్టిన పాలపొడి డబ్బాతో.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. కబడ్డీలో కూతకు పోయేవాడు. మంచాల నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఎక్కడ పోటీలు పెట్టినా, "ఇబ్రాంపట్నపోడు వచ్చిండా?" అని ముందు అడిగి ఆ తర్వాతే జనం కూర్చునేవారట. బావి దగ్గర స్నానం చేసి ఇంటి దాకా ఒకే దమ్ములో కూత పెడుతూ వచ్చేవాడట. కొత్తగా కాపురానికి వచ్చిన మా అమ్మ అది విని, మరిదికి ఏదో సోకిందని హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా ఆయన పడుకున్నప్పుడు నిమ్మకాయ దిగదీసిందట. ఈ సంగతి ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ నిమ్మకాయ వల్లే అతను పెద్ద జట్టులోకి పోయాడన్నట్టు ముగించేది.

పెద్ద జట్టు అంటే హైదరాబాద్‌లో ఒక కంపెనీ జట్టు. అక్కడి పెద్దసారు ఒకాయన, ఈ ఒక్క ఏడాది ఆడు, వచ్చే ఏడాది ఉద్యోగం పక్కా చేయిస్తానన్నాడు. ఆ మాట మీద మా చిన్నాయన మూడేళ్లు ఆడాడు. మూడో ఏడు ఒక పోటీలో నలుగురు మీద పడి పట్టినప్పుడు మోకాలు తిరిగిపోయింది. పెద్దసారు దవాఖానకు ఒకసారి బత్తాయిలు పట్టుకొని వచ్చి, ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పి పోయాడు. తర్వాత ఆయన కనపడలేదు, ఉద్యోగమూ కనపడలేదు. చిన్నాయన ఒక సంచీతో ఇంటికొచ్చాడు. కాగితం ఎందుకు రాయించుకోలేదురా అని మా నాన్న అరిస్తే, "మాటిచ్చిండు గదన్నా" అన్నాడు. ఆ ముక్కతో ఆ సంగతి ముగిసిపోయినట్టే కూర్చుని అన్నం తిన్నాడు.

ఇక్కడ మా ఊళ్ల ఆట గురించి ఒక మాట చెప్పాలి. అప్పట్లో పల్లె పోటీల్లో అంపైర్ ఉంటే ఉండేవాడు, లేకపోతే లేదు. కూతకు వచ్చినవాడి వేలు తగిలితే, తగిలినవాడే కుడిచెయ్యి పైకెత్తి కోర్టు బయటికి నడిచేవాడు. ఎవరూ చూడకపోయినా సరే. మా చిన్నాయన మాకు పట్టు నేర్పకముందు, కూత నేర్పకముందు, ఈ చెయ్యెత్తడమే నేర్పాడు. "తాకింది నీకు తెలుస్తది. ఇంకెవనికి తెల్వకుంటే ఏంది? చెయ్యి లేపు, బయటికి నడువు" అనేవాడు. అంత ఆడి, అన్ని దెబ్బలు తిని కూడా, లోకమంతా అట్లాగే చెయ్యెత్తుతుందని ఆయన నమ్మాడు. తెలివితక్కువతనం అని మా నాన్న అనేవాడు. నేనూ కొన్నాళ్లు అన్నాను.

అవి హైదరాబాద్ మా వైపుకు పెరుగుతున్న రోజులు. చిన్నాయన మొదట మగపిల్లలకే ఆట నేర్పేవాడు. పద్దెనిమిది మంది వచ్చే చోట పదిమందయ్యారు, తర్వాత నలుగురు. మిగిలినవాళ్లంతా మోటరుసైకిళ్లు కొనుక్కొని, నల్లకళ్లద్దాలు పెట్టుకొని, ప్లాట్లు చూపించడానికి పోయారు. చివరికి ఒకరోజు పొద్దున ఆయన ఒక్కడే కోర్టు గీసుకొని, ఒక్కడే ఎండెక్కేదాకా కూర్చుని ఇంటికొచ్చాడు. ఆ మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లలను అడగడం మొదలుపెట్టాడు. ముందు ఇంట్లో ఉన్న నన్ను లాగాడు, నాకు పదమూడేళ్లు. తర్వాత దర్జీ చాచా తన కూతుర్ని పంపాడు. పంపడమే కాదు, నిక్కర్లు వేస్తే ఊరు ఊరుకోదని జట్టు మొత్తానికి పైజామాలు కుట్టిచ్చాడు. ఎవరో వదిలేసిన పరదా గుడ్డతో కుట్టాడు గనక అందరమూ పెద్ద పెద్ద గులాబీపూల పైజామాల్లో బరిలో దిగేవాళ్లం. ఎదుటి జట్టు పగలబడి నవ్వేది. దర్జీ చాచా కూతురు మొదటి కూతకు పోయి ముగ్గురిని తాకి వచ్చేదాకా నవ్వేది.

మేము ఆడేది మంచాల రోడ్డు పక్కన ఒక పటేల్ సాగు చేయక వదిలేసిన పడావు భూమిలో. ముసలాయన ఉన్నన్నాళ్లు ఆడుకొమ్మన్నాడు. ఆయన పోయాక కొడుకులు అమ్మేశారు. కొన్నది ఎవరో కాదు, చిన్నాయన పాత జట్టువాడే. ఎడమ కార్నర్లో ఆడేవాడు గనక అతన్ని మేము కార్నర్ మామ అనేవాళ్లం. అతని చేతికి చిక్కిన కాలు వదిలిపోయేది కాదట. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగారు. ఇప్పుడతను తెల్లచొక్కా, తెల్లకారుతో వెంచర్లు వేస్తున్నాడు. అంతకుముందే ఒకరోజు చిన్నాయన ముడులేసిన తాడుతో మూడు, నాలుగు, అయిదు అని కొలిచి మూలలు కుదిర్చి, కోర్టు గీయడం చూసి, "గిట్ల నా ప్లాట్లకు గియ్యరాదురా?" అని పనిచ్చాడు. కాబట్టి పొద్దున మాకు కోర్టు గీసే చెయ్యే మధ్యాహ్నం ఎక్కడో మెట్ట చెలకల్లో ప్లాట్లు గీసేది. ఇంటికి తెల్లకాళ్లతో వచ్చేవాడు.

అట్లా తిరిగి తిరిగి మేము ఆడే భూమి వంతు వచ్చింది. మా ముందే చిన్నాయన అతన్ని అడిగాడు.

"గీ ఒక్క ముక్క ఇడువురా. ఆడిపిల్లలకు ఇంకో జాగ లేదు."

కార్నర్ మామ మా గులాబీపూల వైపు చూసి నవ్వాడు. "ఎట్లైన పార్కుకని జాగ ఇడువాల్నాయె. మీ కోర్టునే పార్కు జేస్త తియ్. నువ్వే గియ్యి."

ఆ రోజు తాడు రెండో కొస పట్టుకున్నది నేనే. మిగతా ప్లాట్లన్నిటికీ ఒక్క వరుసే సున్నం పోశాడు. పార్కు చుట్టూ మాత్రం రెండు వరుసలు, లావుగా, ఎక్కడా తెగకుండా పోశాడు. పోస్తూ సన్నగా కూత పెట్టాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. సాయంత్రం మా నాన్న మళ్లీ అదే మాట అన్నాడు, కాగితం రాయించుకోరా అని. "వాడు నా జట్టోడన్నా, తాకితే చెయ్యి లేపేటోడు" అన్నాడు చిన్నాయన. సున్నపుగీత ఎంత గట్టిదో ఆటగాడికే తెలుసు. అది ఆటగాళ్ల మధ్యే గట్టిదని మాత్రం ఆయనకు తెలియలేదు.

రెండేళ్లు ఆ గీతల మీద పాతిన హద్దురాళ్ల నడుమ ఆడాం. మా చుట్టూ ఒక్కొక్క పునాదీ లేస్తోంది. జిల్లా జట్టు ఎంపికలు నెల ఉన్నాయనగా ఒక పొద్దున మేము పోయేసరికి కోర్టు మధ్యలో కొత్త గీతలున్నాయి. ఎవరో వేరేవాళ్లు గీశారు, వంకరటింకరగా. పార్కు నాలుగు ప్లాట్లయింది. జేసీబీ ఒకటి బుర్రుమంటూ నిలబడి ఉంది, దాని పక్కన కార్నర్ మామ కొనేవాళ్లతో మాట్లాడుతున్నాడు. చిన్నాయన చెప్పులు బయట విడిచి, కోర్టులోకి పోయి, మధ్యగీత మీద నిలబడ్డాడు.

"పార్కు జేస్తనన్నవా లేదా? గదొక్కటి జెప్పు."

"యాపారంల మస్తు మాటలంటంరా. కాయితముంటే తే."

"కాయితం నేను అడుగుతలేను. అన్నవా, అనలేదా?"

మేమంతా కార్నర్ మామ కుడిచెయ్యి వైపు చూస్తున్నాం. అది లేస్తుందని నాకు పూర్తి నమ్మకం. మాకు నేర్పినవాడి జట్టులో ఆడిన చెయ్యి అది. కాసేపటికి కదిలింది. కదిలి జేబులోకి పోయి కారు తాళాలు తీసింది. అప్పుడు మా చిన్నాయనే తన చెయ్యి పైకెత్తాడు. అట్లాగే ఎత్తి, వెనకగీత దాటి బయటికొచ్చి, చెప్పులేసుకొని, "నడువుండ్రి" అన్నాడు మాతో. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది. జేసీబీ ముందు పడుకోవాల్సినవాడు చెయ్యెత్తి రావడమేమిటని చాలా ఏళ్లు ఆయన మీద కోపం పెట్టుకున్నాను.

ఆ నెలంతా పొద్దున మొదటి బస్సుకు కోహెడ పోయి, ఆయన దోస్తు ఒకరి చెలకలో ఆడాం. రాళ్లేరింది మేమే, గీతలు గీసింది ఆయనే. దర్జీ చాచా కూతురూ నేనూ ఎంపికయ్యాం. ఆ ఆటే నాకు బడిలో ఈ ఆటల టీచరు ఉద్యోగం పెట్టింది. ఆర్డరు వచ్చిన రోజు చిన్నాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి నా చేతికిచ్చి, "మంచిగ దాసుకో బిడ్డా" అన్నాడు. ఆయన నోట కాగితం గురించి నేను విన్న మంచిమాట అదొక్కటే. ఆ ధైర్యంతో అడిగాను, ఆ రోజు నువ్వెందుకు చెయ్యెత్తినవు అని.

"నమ్మింది నేను, ఓడింది నేను. ఓడినంక కోర్టుల నిలవడొద్దు. నేను నిలవడితే మీకు ఏం నేర్పినట్టు?"

ఆయన పోయి నాలుగేళ్లయింది. పాడె ఆ వెంచర్ ముందు నుంచే పోయింది. కోర్టు ఉన్నచోట ఇప్పుడు నాలుగు మేడలున్నాయి. మూల మీద కార్నర్ మామ నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడి, నడుం వంగి, చెప్పులు పక్కన విడిచి ఉన్నాడు. పాడె దగ్గరికి రాగానే అతని కుడిచెయ్యి లేచింది. దండం పెడుతున్నాడని అందరూ అనుకున్నారు. దండానికి రెండు చేతులు కావాలి. అది ఒక్క చెయ్యే, తలకంటే పైకి, మేము దాటిపోయేదాకా దించకుండా. నేను గుర్తుపట్టాను. అక్కడే రోడ్డు మీద నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న టేపు సంగతి తర్వాత చూద్దామని సారుకు చెప్పి సున్నంతోనే గీశాను. కూత ఒక్కటికి ముప్పై సెకన్లే గడువు. చెయ్యెత్తడానికి మనిషికి కాలం అంతకంటే చాలా ఎక్కువే ఇస్తుంది, ఇరవై ఏళ్లయినా ఇస్తుంది. ఆ చెయ్యి లేవడం మా చిన్నాయన కళ్లతో చూసేదాకా మాత్రం ఆగలేదు.