హైవే దాకా వెళ్లిన బండి

ముప్పై దాటాక స్కూటీ కొనుక్కున్నదాన్ని నేను. ఊళ్లో బాగానే నడిపేదాన్ని. రేషన్ షాపుకు, చేనికి, ఎవరింట్లోనైనా పెళ్లి పిలుపులకు. హైవే ఎక్కాలంటే మాత్రం ఒళ్లు చల్లబడేది. మా ఊరి దారి గార్లదిన్నె దగ్గర హైవేలో కలుస్తుంది. అక్కడ నిలబడితే లారీ పోయిన గాలికే బండి ఊగేది. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. బండి నడిపే కూతురుందని ఆమెకు ఒకటే గొప్ప.

ఆ యేడు పామిడి దగ్గర పెన్నకు నీళ్లొచ్చాయి. ఎప్పుడూ ఇసుకే చూసే మాకు అది పండగ. ఏటికి కొత్తనీళ్లొస్తే మా వైపు ఆడవాళ్లు వెళ్లి పసుపు కుంకుమ వేసి, టెంకాయ కొట్టి వస్తారు. అమ్మ పొద్దున్నే అవన్నీ సంచిలో సర్దుకుంది. పక్కింటావిడ ఆటో మాట్లాడి, వచ్చి పిలిచింది.

"ఆటోలో ఇరుక్కోని యాడ పోయేదక్కా? మా పాప బండి ఉండాది గదా. మీరు పోతాండండి, మేం వెనకాలే వస్తాం" అంది అమ్మ, వీధి వీధంతా వినబడేట్టు.

నేను బండి బయటికి తీశాను. బయలుదేరాం. హైవే దగ్గర బండి ఆపాను. అమ్మ ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని కూర్చుంది. రోడ్డు ఖాళీ అయింది, మళ్లీ నిండింది, మళ్లీ ఖాళీ అయింది. నేను కదల్లేదు.

"వానొచ్చేట్టుందిమా. రేపు పోదాం" అన్నాను.

అమ్మ ఆకాశంలోకి చూసింది. "వాన యాడుందే పిచ్చిదానా?"

"నీళ్లు యాడికి పోతాయిలే!"

అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, నీళ్ల గురించి ఆ మాట ఎలా అన్నానో. తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మర్నాడు బ్రేకు పట్టేస్తోందన్నాను. ఆ మర్నాడు పెట్రోలు లేదన్నాను. బస్సుకు పోదామని అమ్మ అనలేదు. వీధిలో గొప్పగా చెప్పుకుంది మరి.

చివరికి ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా వెళ్లి, పళ్లు బిగబట్టి హైవే ఎక్కాను. ఎడమ అంచు వదలకుండా కొంతదూరం పోయాను. లారీలు హారన్లు కొట్టుకుంటూ దాటిపోయాయి. ఏమీ కాలేదు. దీనికా ఇన్నాళ్లు చచ్చాను అనుకుని నవ్వొచ్చింది. ఇంటికొచ్చి అమ్మను ఎక్కించుకున్నాను. పామిడి దాకా ఆమె నా భుజం వదల్లేదు. సంతోషం పట్టలేక అనుకున్నాను.

అప్పటికే ఏట్లో నీళ్లు పోయి తడి ఇసుకే మిగిలింది. అమ్మ ఇసుకలోకి దిగింది. అక్కడే కూర్చుని చేతులతో ఇసుక తోడి చిన్న చెలమ చేసింది. అడుగున ఊరిన కాసిని నీళ్లలోనే పసుపు, కుంకుమ వేసి దండం పెట్టుకుంది. టెంకాయ మాత్రం బయటికి తీయలేదు.

"ఇది పారే నీళ్లకు తెచ్చింది" అంది.

ఇప్పుడు రోజూ ఆ హైవేమీదే అనంతపురం వెళ్లి పని చేసుకుని వస్తున్నాను. మొన్న మళ్లీ పెన్నకు నీళ్లొచ్చాయని తెలిసింది. ఆ పూట పని మానేసి ఇంటికొచ్చాను.

"రామ్మా, బండి తీస్తా."

అమ్మ అప్పటికే సంచి సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. "వద్దులే పాపా, ఆటోకు చెప్పినా."

"నాకిప్పుడు భయం లేదుమా."

"నాకుండాదే" అంది అమ్మ. "ఆ పొద్దు రోడ్డుకాడ నీ భుజం ఎంత వణికిందో నీకేం తెలుసు? నా చేతికి ఇంగా తెలుస్తానే ఉండాది."

లారీలంటే అమ్మకు ఎప్పుడూ భయం ఉండేది కాదు. ఆటో వచ్చింది. అమ్మ పక్కింటావిడ పక్కన ఇరుక్కుని కూర్చుంది. నేను బండి తాళం చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను.