కనక పట్టిన నీళ్ళు

చింతపల్లి దాటి కాఫీ తోటల్లోంచి పైకి పోతే కొండ మలుపులో ఒక గాజు ఇల్లు ఉంది. చలికాలం పొద్దున్నపూట మంచు కమ్ముకుంటే ఆ ఇల్లు కనపడదు, లోపల మొక్కలకి పెట్టిన దీపాల గులాబి వెలుగు మాత్రం కనపడుతుంది. జీపులో పోయే కొత్తవాళ్ళు కొండ వెనక రెండో పొద్దు పొడుస్తోందేమోనని మెడలు చాపి చూస్తారు. ఊళ్ళోవాళ్ళకి అది కనక పనిచేసే చోటు, అంతే.

కనకది ఆ కింద పారే కొండవాగు, గెడ్డ ఒడ్డు ఊరు. పెనిమిటి ఫల్గుణ మిరియాల పాదులు చూసుకుంటాడు. కూతురు భాను బడికి పోతుంది. అత్త చిట్టెమ్మ ఎవరికీ భయపడని మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే మనిషి ఇంక దేనికి భయపడుతుంది?

గాజింట్లో పెరిగేవి పొగాకు జాతి మొక్కలు. విత్తనంలోనే ఒక కొత్త జన్యువు చేర్చారు కాబట్టి వాటి ఆకులు తమకేమాత్రం అక్కరకు రాని ఒక ప్రోటీన్ తయారుచేస్తాయి. మనిషి రక్తంలో మలేరియా జాడ ఉంటే దాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్ అది. ఆకులు కోసి, రుబ్బి, పిండి, వడకట్టి, ఆ పచ్చని పసరులోంచి అదొక్కటే వేరుచెయ్యాలి. అలా శుద్ధి చేసినదాన్ని జ్వరం చూసే కిట్లలో వాడతారు. ఆ పనంతా నడిపించేది విశాఖపట్నం నుంచి వచ్చిన జగన్నాథరావు గారు. కనక అక్కడ గిన్నెలు, సీసాలు కడగడానికి చేరి, మెల్లగా ఆకులు కొయ్యడానికి, ఆ తర్వాత పసరు వడకట్టడానికి ఎదిగింది.

"ఒలే కనకా, పొగాకు తోటలో పనంటావు, ఒక్క ఆకైనా తేవేటే?" అని చిట్టెమ్మ రోజూ దెప్పేది.

"ఆకు గడప దాటకూడదత్తా. పిప్పిని కూడా పెద్ద కుక్కర్లో ఉడికించి పాతేత్తారు."

"మరి నువ్వు సేసిందేదీ? ఎప్పుడైనా సూసావా?"

"అది కంటికి ఆనదు."

"కంటికి ఆననిదానికి జీతమేటే తల్లీ! అలాటి పని నానూ సేత్తాను, సారుని అడుగు."

కనక నవ్వేసేది కాని ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయేది. చోడి చేను కోస్తే కుప్ప కనపడుతుంది. కాఫీ పండు కోస్తే గోనె నిండుతుంది. తను చేసేది మాత్రం ఎన్నడూ కనపడదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దాన్ని కళ్ళారా చూడాలని ఆమె కోరిక. దారిలో మంచులో నడుస్తున్నప్పుడు కూడా అదే ధ్యాస. మొక్కల మధ్య నిలబడితే ఆ గులాబి వెలుగులో ఆకులు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేవి. మీ లోపల ఏముందో నాకొక్కదానికైనా చూపించండే అని వాటిని బతిమాలుకునేది.

అసలు శుద్ధి జరిగేది చలిగదిలో. అక్కడ ఒక నిలువు గాజు గొట్టం, దాని నిండా సగ్గుబియ్యం కన్నా ఎంతో సన్నని తెల్లటి పూసలు. పైనుంచి పసరు పోస్తే మనకి కావలసిన ప్రోటీన్ పూసల్ని పట్టుకుని ఉండిపోతుంది, తక్కినదంతా కిందికి కారిపోతుంది. తర్వాత కడుగు నీళ్ళు పోసి మిగిలిన మురికి వదిలించాలి. ఆఖరున కొంచెం పుల్లటి నీళ్ళు పోస్తే ప్రోటీన్ పూసల మీద పట్టు వదిలి ఆ నీళ్ళతో దిగి వస్తుంది. దాన్ని సీసాలో పట్టాలి. జగన్నాథరావు గారు ఇదంతా విడమరిచి చెప్పారు, దగ్గరుండి చేసి చూపించారు. ఒకనాడు గొట్టం కనక చేతికే అప్పగించారు.

"ఈసారి నువ్వే చెయ్యమ్మా," అని జెనరేటర్ మొరాయిస్తే చూడ్డానికి బయటికి వెళ్ళారు.

కనక పసరు పోసింది. పచ్చటి పట్టీ ఒకటి పూసల మధ్య మెల్లగా దిగి, పలచబడి, మాయమైంది. చలిగదిలో బొట్టు బొట్టు చప్పుడు తప్ప మరో అలికిడి లేదు. ఆ చప్పుడు వింటుంటే ఆమె కళ్ళ ముందుకి గెడ్డ వచ్చింది. చిన్నప్పుడు అమ్మ అడవి దుంపలు తవ్వి తెచ్చి, పలచగా తరిగి, వెదురు బుట్టలో వేసి పారే నీళ్ళలో కట్టేది. దుంపలోని చేదంతా గెడ్డ పట్టుకుపోవాలి. నీళ్ళు తేటపడి, చేదు విరిగాక బుట్ట పైకి తీసేది. బుట్టలో మిగిలింది తిండి, పోయిన నీళ్ళు పోయినట్టే. ఆ పని కనక ఎన్నిసార్లు చేసిందో ఆమెకే తెలియదు.

కడుగు నీళ్ళు అయ్యాయి. పుల్లటి నీళ్ళు పోసింది. కింద గొట్టం మూతి మురికి తొట్టిలోనే ఉంది. కడిగి, మూత తీసి పెట్టిన సీసా పక్కనే ఉంది. నీళ్ళు తేటగా, ముత్యాల్లా రాలుతున్నాయి. ఎంత శుభ్రంగా కడిగానో అని కనక మురిసిపోయింది. సారు చెప్పింది చెవి విన్నది, చెయ్యి వినలేదు. నీరు పల్లమెరుగు అన్నారు, అది తన దారిన తొట్టిలోకి పోయి మురికిలో కలిసిపోయింది.

జగన్నాథరావు గారు తిరిగొచ్చి, "సీసా ఏదమ్మా?" అన్నారు.

"ఇందులోనే ఉంది సారూ. తేటనీళ్ళు వచ్చినదాకా కడిగాను," అని గొట్టం చూపించింది.

ఆయన వంగి తొట్టిలోకి చూశారు. గొట్టం మూతికి వేలాడుతున్న చివరి బొట్టుని గోధుమరంగు పరీక్ష ద్రావణంలోకి తీసుకున్నారు. ప్రోటీన్ తగిలితే అది నీలంగా మారుతుంది. చూస్తుండగానే నీలం విచ్చుకుంది. ఆయన స్టూలు మీద కూలబడ్డారు. నాటిననాటి నుంచి కళ్ళలో వత్తులు వేసుకుని పెంచిన పంటంతా బూడిదలో పోసిన పన్నీరైంది. అప్పుడుగాని కనకకి తను ఏం చేసిందో తెలియలేదు. 

"మొక్కలు మళ్ళీ వేద్దాంలే," అన్నారాయన. ఆ పూట అన్నం క్యారియర్ విప్పకుండానే వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి కనక ఎవరూ చెప్పకుండానే గిన్నెల దగ్గరికి పోయి కూర్చుంది. చూడాలని ఏడ్చినదాన్ని తన చేత్తోనే పారబోసుకుంది. ఆ సిగ్గు ఆమెని అన్నం తిననివ్వలేదు.

సంగతి విని చిట్టెమ్మ మొదట పగలబడి నవ్వింది. "దుంప కడిగినట్టు కడిగీసావేటే!" అంది. కోడలి కళ్ళలో నీళ్ళు చూసి చుట్ట ఆర్పేసింది. ఆదివారం పొద్దున్నే గెడ్డకి తీసుకుపోయింది. మంచు ఇంకా నీళ్ళ మీదనే ఉంది. ఎవరివో దుంపల బుట్టలు రాళ్ళకి కట్టి ఉన్నాయి.

"బుట్టల కింద మడుగు సూడు," అంది చిట్టెమ్మ.

సన్న చేపలు రెండు మూడు వెల్లకిలా తేలి, మత్తుగా మొప్పలు ఆడిస్తున్నాయి.

"సిన్నప్పటినుంచీ ఏరుకుని తిన్నావు కదే ఈ సేపల్ని. నీళ్ళు తేటగా ఉన్నాయని ఒట్టినీళ్ళనుకున్నావా? దుంపని వొదిలిన సేదు నీళ్ళలోకే కదా పోయింది."

కనక వంగి ఆ నీళ్ళలోకి చూసింది. బతుకంతా బుట్టనే చూసింది గాని నీళ్ళని ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు అదే కల వచ్చేది. గెడ్డ తేటగా పోతుంటుంది, అందులో ఎవరికీ కనపడనిదేదో నిండుగా పోతుంటుంది, తను అడ్డంగా దోసిలి పడుతుంది.

కొత్త పంట కోతకొచ్చాక ధైర్యం చేసి జగన్నాథరావు గారి ముందు నిలబడింది. "సారూ, ఇంకోపాలి నాకియ్యండి," అంది. ఆయన ఆమె మొహంలోకి చూసి, చలిగది తాళం చెవి ఇచ్చారు. ఈసారి పుల్లటి నీళ్ళు పోయకముందే సీసా గొట్టం కింద పెట్టి, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. బొట్టు బొట్టుగా దిగిన ఆ నీళ్ళలో పలచని తొరక కూడా లేదు. ద్రావణంలో ఒక్క బొట్టు వేస్తే చిక్కటి నీలం.

"ఇప్పుడైనా సూడొచ్చా సారూ?"

"ఆ నీలం ద్రావణం రంగు, ప్రోటీన్ ది కాదమ్మా. అది కనపడేది కిట్ లోనే, సన్నటి గీతలా. అదీ జ్వరమున్నవాళ్ళకే. కనపడకపోతేనే మంచిది," అన్నారు.

ఆ ప్రోటీన్ తో కొత్త కిట్లు తయారై, ప్రయోగానికని మన్యం ఊళ్ళకి వచ్చాయి. పాత కిట్టూ కొత్త కిట్టూ పక్కపక్కన పెట్టి చూడాలని ఆశా వర్కర్లకి చెప్పారు. వానలు వెనకపట్టాక ఒక తెల్లవారుజామున భాను గొంగళి కింద గజగజ వణికిపోతూ లేచింది. ఒళ్ళు నిప్పు. ఫల్గుణ పరిగెత్తి ఆశా వర్కర్ బేబిని పిలుచుకొచ్చాడు.

బేబి పిల్ల వేలు సూదితో పొడిచి, రెండు కిట్లలోనూ రక్తం చుక్క వేసి, పైన మందు బొట్లు వేసింది. "మొదటి గీత ఎలాగూ వొత్తాది వొదినా. రెండోది వొత్తేనే మలేరియా," అంది.

కనక కొత్త కిట్ పక్కనే చతికిలబడింది. ఎర్రటి తడి పట్టీ మీద మెల్లగా పైకి పాకుతోంది. ఇన్నేళ్ళూ దేనికోసం కళ్ళు కాయలు కాచాయో అది ఈ చిన్న కిటికీలో రాబోతోంది. రావద్దు, అనుకుంది కనక. కొండ మీది తల్లికి దండం పెట్టుకుంది. నువ్వు నాకు కనపడొద్దే, నా జన్మంతా కనపడొద్దు, నా పిల్లని వొదిలీ. మొదటి గీత వచ్చింది. కాసేపటికి దాని పక్కన, దారప్పోగంత సన్నగా, రెండోది కూడా వచ్చింది. పాత కిట్ కూడా అదే మాట చెప్పింది.

"మలేరియానే. బేగి దొరికింది, భయం లేదు. మాత్ర ఇప్పుడే ఏసీద్దాం," అని బేబి సంచి విప్పింది.

చిట్టెమ్మ వంగి కిట్ ని చూసింది. "ఇదేనేటే నువ్వు పట్టిన నీళ్ళు?" అంది మెల్లగా.

కనక తల ఊపింది. భయమూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చి ఏడ్చేసింది. మూలిగే భాను కళ్ళు తెరిచి, "అమ్మా, ఆ గీత నువ్వు గీసావా?" అంది.

"నానే తల్లీ."

"నాకెందుకు గీసావు?"

"నువ్వు బేగి లెగాలని."

భాను మాత్ర మింగి, చేదని మొహం చిట్లించింది. కనక గ్లాసు నోటికి అందించి, నీళ్ళన్నీ తాగేదాకా పట్టుకుని కూర్చుంది.