కుంకుమ బొట్టుతో తిరిగొచ్చిన కార్డు

బయమ్మది మా ఎదురిల్లు. ధర్మవరంలో పుట్టి, నడక నేర్చిననాడే మగ్గం గుంతలోకి దిగిన మనిషి. మొగుడు తిమ్మప్ప తాగి వచ్చిన రాత్రుళ్లు కూడా ఆమె గొంతే పైన వినిపించేది. అట్లాంటి బయమ్మ ఆ రోజు సొసైటీ నుంచి ఉత్త చేతులతో వచ్చి మా అరుగు మీద కూలబడింది. నేను అడగకుండా ఉంటానా?

మా వీధిలో ప్రతి మగ్గానికీ సొసైటీ కార్డు ఒకటి ఉంటుంది. అది చూపిస్తే పట్టునూలు అప్పుగా ఇచ్చి అందులో రాస్తారు. చీర అప్పజెప్పినప్పుడు కూలిలో పట్టుకుంటారు. నూలుకని పోతే, ఆయుధపూజ మరునాడే రెండు కట్టలు తీసుకున్నావని గుమాస్తా కార్డు విప్పి చూపించాడట. ఆమె తీసుకోనేలేదు. అది తీరేదాకా నూలు పోగు కూడా ఇవ్వమన్నారు. మగ్గం మీద చీర సగంలో ఉంది.

"మీ ఆయన్నే అడుగు పో అన్యాడక్కా. తిమ్మప్పే అమ్ముకోని తాగింటే ఏం చేసేది? పోలీసులొస్తే నేనే పట్టిచ్చినట్ల కాదా?"

కార్డు తీసి నా ముందు పెట్టింది. తీసుకుని చూశాను. అట్ట మీద కుంకుమ బొట్టు.

"ఈ బొట్టు యాడిది?"

ఏటా ఆయుధపూజకు సొసైటీ వాళ్లు అందరి కార్డులూ తీసుకుపోయి చౌడేశ్వరమ్మ పటం ముందు పెట్టి పూజ చేస్తారు. ఈసారీ ఒక తెల్లచొక్కా మనిషి వచ్చి అడిగితే ఇచ్చింది. మరునాడు సాయంత్రం బొట్టు పెట్టిన కార్డూ, బొరుగుల పొట్లమూ తెచ్చిచ్చాడు. ప్రసాదం కళ్లకద్దుకుని తిని, కార్డును విప్పకుండానే గూట్లో పెట్టింది. అమ్మవారి దగ్గర నుంచి వచ్చిన కార్డులో లెక్క ఎవరు చూస్తారు?

"ఎవరా మనిషి?"

"సొసైటీ మనిషే కదక్కా, ప్రసాదం తెచ్చినాడు..." అంటూనే ఆమె మొహం పాలిపోయింది.

ఆమెను వెంటబెట్టుకుని సొసైటీకి పోయాను. కార్డుల పూజ సంగతి అడిగితే ప్రెసిడెంటు నరసింహప్ప నన్ను వింతగా చూశాడు. ఆఫీసు పైకప్పు మరమ్మతు వల్ల ఈ ఏడు కార్డులు తెప్పించనేలేదట, నూలు తూచే తక్కెడకు మాత్రం పూజ చేశారట. అయినా ఒక్కరి మాట మీద రాసింది కొట్టెయ్యలేమన్నాడు.

మా వీధి నడుమ నిలబడి, ఇంకెవరి కార్డుకు బొట్టుందని అడిగాను. తలుపులు ఓరగా మూసుకున్నాయి. నోరు తెరిస్తే తమ నూలూ ఆగిపోతుందని అందరికీ దడ. దీపాల వేళకు మా వీధి నేతగాడు కరీం సాబ్ పెరటి దారిన వచ్చి, చొక్కా లోపలి నుంచి కార్డు తీశాడు. బొట్టుంది, లోపల అదే తేదీన నూలు బాకీ కూడా ఉంది.

"నేనూ ఇచ్చినానక్కా. మగ్గం పూజ కదా, ఇయ్యనంటే బాగుండదని. చెప్తే కార్డు పీకేస్తారని నోరు మూసుకోనుండా."

మరునాడు పొద్దున సొసైటీలో రెండు కార్డులూ పక్కపక్కన పెట్టేసరికి గుమాస్తా జరిగింది ఒప్పుకున్నాడు. ఇద్దరికీ చుట్టాన్నని చెప్పి ఒకే మనిషి రెండు ఇళ్ల నూలూ పట్టుకుపోయాడట. విచారణ తేలేదాకా ఆ బాకీ పక్కన పెట్టి, ఇద్దరికీ నూలు ఇచ్చారు. ఆ మనిషి మాత్రం దొరకలేదు.

మరుసటి ఏడు పూజకు గుమాస్తానే స్వయంగా వచ్చి అడిగాడు. బయమ్మ కార్డు ఇవ్వలేదు. నన్ను తోడు పిలుచుకుని తనే తీసుకుపోయి, కర్పూరం ఆరేదాకా దాని మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. చేతిలో ప్రసాదం బొరుగులు పెడితే నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"తినొచ్చా అక్కా?"