రాతినేల వేరు, వడగళ్ళు వేరు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, మా చిన్నాన్న కొడుకు చెవి పగలగొట్టాను. పొరపాటున తగిలిన దెబ్బ అని చెప్పుకోలేను. గురి చూసి కొట్టాను. ఆ వెంటనే అబద్ధం చెప్పాను. ఈ రెండింటిలో ఏది పెద్ద తప్పో ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

అప్పుడు మేము కువైట్‌లో, ఫింటాస్‌లో ఉండేవాళ్ళం. మాది రాయచోటి పక్క పల్లె. నాన్న డ్రైవరు. చిన్నాన్న దూరంగా వఫ్రా తోటల్లో పనిచేసేవాడు. నాలుగేళ్ళుగా కొడుకు ముఖం చూడలేదని ఆయన కుమిలిపోతుంటే, నాన్న తనకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిని, కఫీల్‌ను, బతిమాలి పిల్లవాడికి విజిట్ వీసా తీయించాడు. వఫ్రాలో కూలీల గదుల్లో పిల్లవాణ్ణి పెట్టుకునే వీలు లేదు. అందుకని తమ్ముడు మా ఇంట్లోనే ఉన్నాడు. నాకంటే ఆరు నెలలు చిన్న. చెప్పుల్లేకుండా ఎండలో నడిచేవాడు, పెట్టింది తినేవాడు, ఎవరికీ జంకేవాడు కాదు. నాన్న రోజూ వాణ్ణి చూపించి నన్ను తీసిపారేసేవాడు. వాడు ఎండలో పెరిగినాడు, నువ్వు ఏసీ కింద పెరిగినావు అనేవాడు. ఆ మాట నాలో చీము పట్టింది.

మా భవనంలోనే రాయచోటి ముస్లిం పెద్దాయన ఒకరు ఉండేవారు. మేం తోట మామ అని పిలిచేవాళ్ళం. సముద్రం ఒడ్డున ఒక ఫ్రెంచి ఇంజనీరు విల్లాలో తోటమాలి. ఆ ఇంజనీరుది బర్గండీ అనే సీమ, తాతల నాటి నుంచీ ద్రాక్షతోటల కుటుంబం. మామ జీవితంలో మందు వాసన చూసినవాడు కాదు. వైన్ అనే మాట నోట వస్తేనే తౌబా అని చెంపలు వేసుకునేవాడు. అయినా దానికి రుచి ఎక్కడి నుంచి వస్తుందో యజమాని దగ్గర విని విని, గంటసేపు చెప్పగలిగేవాడు.

ఒక శుక్రవారం, చలికాలంలో, మా ఇద్దరినీ ఆ తోటకు తీసుకువెళ్ళాడు. యజమాని సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళి ఉన్నాడు. మామ ద్రాక్షతీగలు కత్తిరిస్తున్నాడు. కత్తిరించడం అంటే ఏదో చివర్లు తుంచడం అనుకున్నాను. ఆయన పదింట తొమ్మిది పాళ్ళు నరికి పడేశాడు. తీగలు మొండి చేతుల్లా మిగిలాయి. కోసిన చోట నేల నిండా కట్టెలు.

ఆ తోటలో రెండు తీగలు ఒకే తల్లి కొమ్మ నుంచి తెచ్చి నాటినవి. ఒకటి వంటింటి పక్కన, ఎరువూ నీళ్ళూ పుష్కలంగా తాగుతూ పెరిగింది. రెండోది ప్రహరీ వెంట, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సున్నపురాళ్ళ కుప్పలో. పోయిన వేసవిలో రెండింటి పళ్ళూ విడివిడిగా ఎండబెట్టి దాచాడట. మా అరచేతుల్లో పోశాడు. వంటింటి తీగవి లావుగా ఉన్నాయి, నమలగానే తీపి ఎటో పోయింది. గోడ పక్కవి మిరియాలంత ఉన్నాయి కానీ రుచి నాలుక మీద చాలాసేపు నిలిచింది.

"మా సారు ఊర్లో గూడా ఇంతేనంటప్పా" అన్నాడు మామ. "ఒగటే రకం ద్రాక్ష. కొండవాలులో సున్నపురాయి నేలలో పెట్టింది ఒగ రుచి, దిగువన బురదనేలలో పెట్టింది ఇంగొగ రుచి. మధ్యలో మోకాలెత్తు గోడే. పొద్దున ఎండ ఎంతసేపు పడతాది, నీళ్ళు నిలుస్తాయా జారిపోతాయా, అంతా లెక్కే. రాళ్ళలో కష్టపడిందే బాగుంటాదంట."

ఆయన నీళ్ళ మోటారు చూడటానికి విల్లా వెనక్కు వెళ్ళాడు. తమ్ముడు మిగిలిన ఎండుద్రాక్ష నోట్లో వేసుకుని నావైపు చూసి నవ్వాడు.

"నువ్వు వంటింటి తీగవిరా. పిండితే నీళ్ళే."

నరికిన కట్టెల్లో మణికట్టంత లావుది ఒకటి చేతికి అందింది. "నీకు కష్టం బాగా పనికొస్తాది గదా, ఇంగా తిను" అని రెండు చేతులతో తిప్పి కొట్టాను. ఎడమ చెవి మీద పడింది. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంకొకటి భుజం మీద వేశాను. అప్పటికే చెవిలోంచి రక్తం మెడ మీదుగా చొక్కాలోకి దిగుతోంది. వాడు అరవలేదు. అందుకే మూడోది కూడా కొట్టాను. ఆ మూడో దెబ్బకు నన్ను నేను ఎన్నడూ క్షమించుకోలేదు.

అప్పుడే మమ్మల్ని తీసుకువెళ్ళడానికి నాన్న వచ్చాడు. గేటు చప్పుడు వినగానే కట్టె పారేశాను. ఏమైందని అడిగితే, గోడ ఎక్కి పడ్డాడని చెప్పాను. పరాయివాళ్ళ ఇల్లు, యజమాని లేడు, సంగతి పోలీసుల దాకా పోతే అందరి ఇఖామాలూ, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, పోతాయన్న భయం నాన్నది. ఆ భయమంతా కోపమైంది. బెల్టు తీసి, రక్తం కారుతున్న పిల్లవాణ్ణి అక్కడే బాదాడు. "వద్దన్న గోడ ఎక్కుతావా" అని ఒక్కో దెబ్బకూ ఒక్కోసారి అడిగాడు. తమ్ముడు నావైపు చూశాడు. నిజం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మామ పరుగున వచ్చి నాన్న చేయి పట్టుకున్నాడు. "ఖలాస్, ఇంగ చాలు. ముందు చెవి చూపించుకో పో" అన్నాడు. నాన్న తమ్ముణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. నేను మామ దగ్గర మిగిలాను.

ఆయన కట్టెలు ఏరి మోపు కట్టడం మొదలుపెట్టాడు. ఒక కట్టె దగ్గర ఆగాడు. దాని చివర తడిగా ఎర్రగా ఉంది. తిట్టలేదు, దాన్ని నా ముందు పెట్టి, యాల కొట్టినావని మాత్రం అడిగాడు.

"నువ్వే గదా మామా చెప్పినావు, కష్టపడిందే బాగుంటాదని" అన్నాను.

మామ ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు.

"రాతినేల కత చెప్తి. వడగళ్ళ కత చెప్పకపోతి, నాదీ తప్పే" అన్నాడు. "సారు ఊర్లో ఒగోసారి కాపు మీద వడగళ్ళు పడతాయంట. పావుగంట. అంతే. కాయలు పగిలి, కొమ్మలు చీలి, తోటంతా కసాయి అంగడి మొద్దు మాదిరి అవుతాదంట. ఆ యేడు కాపు ల్యా, పైయేడు గూడా సరిగా రాదు. సారు వాళ్ళ నాయన ఆ పొద్దు తోటలో నిలబడి ఏడ్చినాడంట. వడగళ్ళు పడినాయి, రుచి బాగొచ్చిందని యే రైతూ అనడు నాయనా. నేలలో రాయి తీగకు పని పెడతాది, అది వేరు కిందికి దించుకుంటాది. పైన పడేది పగలగొడతాది. నేను కోసేది గూడా తీగ నిద్రలో ఉండేటప్పుడే."

కర్ణభేరి చిరిగిందని, లోపలి నరం కూడా దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే నాన్నతో నిజం చెప్పాను. అదే బెల్టు నా మీద తెగింది. కానీ వఫ్రాలో చిన్నాన్నకూ, ఊర్లో చిన్నమ్మకూ గోడ కథే చేరింది. నాన్న దాన్ని మార్చలేదు. పెద్దయ్యాక నేనూ మార్చలేదు. తమ్ముడికి ఆ చెవి మళ్ళీ వినపడలేదు. సైన్యంలో చేరాలని వెళ్ళి, వైద్యపరీక్షలో చెవి దగ్గర ఆగి తిరిగొచ్చాడు. గోడలెక్కి బతుకు చెడగొట్టుకున్నావని చిన్నమ్మ వాణ్ణి తిడుతూనే ఉండేదట. వాడు పడుతూనే ఉన్నాడట.

నేను ఇక్కడే, కువైట్‌లోనే ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయాను. పోయిన ఏడాది మార్కుల విషయంలో నా కొడుకు మీద బెల్టు తీశాను. వాడి మంచికే అనుకుంటూ తీశాను. వాడు చేతులతో రెండు చెవులూ మూసుకున్నాడు. బెల్టు కిందపడేశాను. ఆ వారమే సెలవు పెట్టి రాయచోటి వెళ్ళాను.

చిన్నమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తోంది. తమ్ముడు పక్కన కూర్చుని ఉన్నాడు. నేను వాడికి ఎడమవైపు కూర్చుని, తల వంచుకుని, మూడు దెబ్బల సంగతీ, అబద్ధం సంగతీ మొత్తం చెప్పాను. చిన్నమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె నన్ను చూడలేదు, కొడుకునే చూస్తూ ఉండిపోయింది.

తమ్ముడు నావైపు తిరిగాడు.

"ఏందో గొణుగుతాండావు. ఆ చెవి పక్క చెప్తే నాకేం ఇనపడతాదన్నా? ఇటుపక్కకొచ్చి చెప్పు."

లేచి కుడివైపుకు వెళ్ళి కూర్చున్నాను. గొంతు పెంచి, చిన్నమ్మ వింటుండగా, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను.