డోంబ్రా వీపు మీది పాట

ఈ ఉదయం ఫోనులో ఒక పాట వచ్చింది. ఒకప్పుడు ఇక్కడ గల్ఫ్‌లో, రూవిలో మా పైఅంతస్తులో ఉండి, ఇప్పుడు ఆల్మాటీలో స్థిరపడిన కజక్ ఇంజనీరు పంపాడు. వాళ్లమ్మాయి డోంబ్రా మీటుతూ పాడుతోంది. డోంబ్రా అంటే రెండే తీగల వాయిద్యం. రెండు తీగలతోనే మనిషి వెన్నులో ఉన్న ఎముకలన్నీ లెక్కపెట్టగలదు. పాట ముగిసేసరికి నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. రూవి ఎండలో చాయ్ చల్లారడమంటే మాటలు కాదు. నేను చెప్పేదాంట్లో ముప్పాతిక తీసేసి వినమని మా ఆవిడ చుట్టాలందరికీ ముందే చెప్పి పెడుతుంది. అలాగే వినండి. ఒక్కచోట మాత్రం ఏమీ తీసేయకండి. ఆ చోటు రాగానే చెబుతాను.

ఆ రోజుల్లో నా దగ్గర ట్రంకుపెట్టె నిండా రష్యన్ నవలల తెలుగు అనువాదాలుండేవి. ఒక్కోటి ఇటుకంత. వాటితో నేను పనిచేసే సైట్‌లో ప్రహరీ కట్టేయొచ్చు. ఒక్కో పాత్రకు మూడు పేర్లు, ఒక్కో పేరు రూవి నుంచి రెండొందల కిలోమీటర్ల అవతలి సహం ఊరి దాకా పొడుగు. మంచు తుఫాను అధ్యాయం వస్తే ఏసీ ఆపి దుప్పటి కప్పుకునేవాణ్ణి. నా రూమ్‌లోనే ఉండే జగిత్యాల తమ్ముడు ఏసీ మెకానిక్. అది తన వృత్తికే అవమానమని బాధపడేవాడు. "అన్నా, నీ బుక్కుల మంచు పడ్డప్పుడల్లా నేనిక్కడ ఉడికి సస్తున్ననే!"

పైఇంటాయన నడిస్తే మా ఫ్యాను ఊగేది. అంతటి మనిషి. ఒకరోజు ఉప్పు కోసం వచ్చి, నా పుస్తకాల అట్టల మీది రచయితల బొమ్మలు చూసి, ఫ్యాను ఊడిపడేంతగా నవ్వాడు. మా ఇద్దరి మధ్య మాటలు సగం హిందీ, సగం ఇంగ్లీషు. "ఇవి చదివే నేనూ పెరిగాను భాయ్. కానీ ఇది పక్కింటి భోజనం. మా ఇంటి వంట నోట్లోనే తయారయ్యేది." వాళ్ల గడ్డిమైదానాల్లో కవులు రాసేవారు కారట. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, అప్పటికప్పుడు పద్యం కట్టి ఒకరి మీదొకరు విసురుకునేవారట. వీరగాథలైతే రోజుల తరబడి పాడేవారట. నవలలు తర్వాత వచ్చాయి. ఈలోగా లిపి మారింది. అరబిక్ అక్షరాలు పోయి లాటిన్ వచ్చింది, అదీ పోయి రష్యన్ అక్షరాలొచ్చాయి. మారినప్పుడల్లా తాత రాసింది మనవడికి గీతలైపోయింది.

అందుకు సాక్ష్యం పైన ఆయన ఇంట్లో గోడకే వేలాడేది, ఒక పాత డోంబ్రా. ఆయన ముత్తాత గాయకుడు. సర్కారు పోలీసులు తనను పట్టుకుపోవడానికి వస్తున్నారని తెలిసి, కాల్చిన ఇనపతీగతో తన పాటను డోంబ్రా వీపు మీద పాత లిపిలో రాశాడట. మనిషి తిరిగి రాలేదు. ఆ రాతను బయటివాళ్లకు చూపడానికి ఇంట్లో అందరూ భయపడ్డారు. పాట పూర్తిగా దొరికేదాకా తీగ ముట్టుకోకూడదని ఇంటి ఒట్టు. తెగిన పాట పాడితే పోయినవాడు దారిలోనే ఆగిపోతాడట. "నా కూతురు డోంబ్రా నేర్చుకుంటానంటోంది. ఈ పాట దానికి ఇవ్వకపోతే నాతోనే పోతుంది" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు అంత చిన్నదవుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"మన అర్బాబ్ ఉన్నాడుగా!" అన్నాను. అర్బాబ్ అంటే మా ఇంటి యజమాని, బలూచీ ముసలాయన. కజక్ ఒక్క ముక్క రాదు. కానీ వాళ్ల భాష రాసేదీ ఆ లిపిలోనే కాబట్టి ఆ అక్షరాలన్నీ వచ్చు, అరబిక్‌లో లేని చుక్కలతో సహా.

శుక్రవారం నమాజ్ అయ్యాక, వీధిలో పిల్లికి కూడా నీడ దొరకని ఎండలో, ముసలాయన మా రూమ్‌కి వచ్చి, కజక్ పైనుంచి దించుకొచ్చిన డోంబ్రా ముందు కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. పాదం ముగిసినప్పుడల్లా చిన్నగా దగ్గేవాడు, పెదవి కింద నస్వారు పొగాకు పెట్టుకోవడంతో వచ్చిన దగ్గు అది. చదివేవాడికి అర్థం తెలియదు, అర్థం తెలిసినవాడికి చదవడం రాదు. రెండో పాదానికి కజక్ దగ్గరికి జరిగి చెవి ఒగ్గాడు. "మా ముత్తాత మాట్లాడుతున్నాడు" అన్నాడు. చివరి పాదం అరిగిపోయింది. ఇన్నేళ్లూ గోడకు రాసుకుని అక్కడ కర్ర నున్నబడింది. ముసలాయన వేలు అక్కడికొచ్చి ఆగింది.

ఇదే ఆ చోటు. వేలు ఆగింది, గొంతు ఆగలేదు. ఒక పాదం మొత్తం, ఆయనది కాని గొంతుతో, తడబడకుండా వచ్చింది. తర్వాత చిన్న దగ్గు.

"బస్ బేటా, మిగతాది అరిగిపోయింది. మాఫ్ కరో" అంటూ ముసలాయన కళ్లజోడు తీసేశాడు. తనేం పలికాడో ఆయనకు తెలియదు. కజక్ పెదవులు ఆ పాదాన్నే మళ్లీ మళ్లీ అంటున్నాయి. నేను తమ్ముడి వైపు చూశాను.

"విన్నావా?"

"ఇన్న. గని ఇననట్టే ఉంట అన్నా."

కజక్ డోంబ్రాను తిప్పి మొదటిసారి తీగ మీటాడు. ఆ పాదానికి అర్థం అడిగితే చెప్పాడు: "నోరు దొరికితే చాలు, ఎవరిదైనా సరే, వస్తాను."

అర్బాబ్ ఇప్పుడు లేడు. కజక్ కూతురి తరానికి లిపి మళ్లీ లాటిన్‌కు మారుతోందట. ఈ ఉదయం ఆ పిల్ల చక్కగా పాడింది. చివరి పాదం కాగానే చిన్నగా దగ్గింది. ఆ దగ్గు కూడా నువ్వే నేర్పావా అని వాళ్ల నాన్నకు రాశాను. "ఏ దగ్గు?" అని జవాబొచ్చింది. ఇప్పుడు ఇదే నగరంలో అల్ మవాలే వైపు ఉన్న తమ్ముడికి పాట పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "ఇననట్టే ఉంట అన్నా" అని పెట్టేశాడు.

కాలం అక్షరాలను మారుస్తుంది, కర్రను అరగదీస్తుంది, చదివినవాణ్ణి తీసుకుపోతుంది; అంతా తుడిచేశానని అది అనుకునే వేళకు ఎక్కడో ఒక పిల్ల గొంతు సవరించుకుంటూ ఉంటుంది.