గాజుగిన్నెలో చీటీ

ఇళ్ల కప్పులు వేసే వెర్నెల్ వైభవం చూడాలంటే మంగళవారం, బాల్టిమోర్‌లో మత్తు మాన్పించే క్లినిక్‌లోనే చూడాలి. మూత్రపరీక్షలో కొకైన్ లేదని తేలితేనే బహుమతి చీటీ తీయనిస్తారు. తేలగానే చొక్కా చేయి మోచేతిదాకా మడిచి, తారు మరకల వేళ్లు ఊదుకుని, గాజుగిన్నెలో చేపకోసం దేవులాడినట్టు చీటీలు కలియబెడతాడు. కొన్నిటికి సబ్బో, సాక్సో వస్తాయి. ఒక్కదానికి టీవీ. సగం చీటీల మీద ఉత్త 'శభాష్' అనే ఉంటుంది. ఈసారి వెర్నెల్‌కి శభాషే వచ్చింది. నర్సు ఒడెస్సా "అయ్యో" అంది.

"నిన్న బస్టాపులో ఇదివరకు నాకు కొకైన్ అమ్మినవాడు ఓ పొట్లం ఊరికే ఇస్తానన్నాడమ్మా. రేపు చీటీ తీయాలి, పోరా అన్నాను."

"ఈ కాగితం ముక్క కోసమా?"

"వాడి పొట్లంలో ఏముందో నాకు తెలుసు తల్లీ. మీ గిన్నెలో ఏముందో తెలీదుగా!"